డార్క్ సన్‌ని ఐదో ఎడిషన్‌లో ఎలా ఆడించాలి?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే రోల్‌ప్లేయింగ్ ఆట కోసం 1991లో టీఎస్ఆర్ కంపెనీ తెచ్చిన డార్క్ సన్ అంటే నాకు ప్రాణం. అందులోని ఎడారి లోకం అథాస్‌లో దేవుళ్లు లేరు, లోహం దొరకదు, అడ్డగోలుగా మంత్రం వేస్తే చుట్టూ పచ్చదనమంతా బూడిదైపోతుంది. దీన్ని డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో మా గ్రూపుతో ఆడించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1: ముందు నీళ్ల సంగతి చూడండి. ఐదో ఎడిషన్‌లో క్లెరిక్ (పూజారి పాత్ర) మొదటి లెవెల్లోనే మంత్రంతో పది గ్యాలన్ల నీళ్లు పుట్టిస్తాడు, డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాల పాత్ర) ఇచ్చే గుడ్‌బెర్రీ అనే మంత్రపు పండు ఒక్కటి తింటే ఆ రోజుకి వేరే తిండి అక్కర్లేదు, ఇక ఎడారి అంటే భయం ఎవరికుంటుంది? ఆ రెండు స్పెల్సూ తీసేయండి, మొహమాటపడొద్దు.

జవాబు 2: లోహం దొరకని లోకం కదా, ఆయుధాలు విరగడం మాత్రం వదలకండి. 2010లో వచ్చిన నాలుగో ఎడిషన్ పుస్తకంలో రూల్ బ్రహ్మాండంగా ఉంది. దాడిలో 1 పడితే డైస్ మళ్లీ వేసుకోవచ్చు, కానీ అలా వేస్తే, చేతిలో ఉన్నది ఎముక కత్తి అయితే విరిగినట్టే. విరగ్గొట్టుకోవాలా వద్దా అన్నది ప్లేయర్ ఇష్టం, అదే దాని అందం.

ప్రశ్న అడిగినవారు: మరి డిఫైలింగ్, అదే పచ్చదనాన్ని బూడిద చేస్తూ మంత్రం వేయడం?

జవాబు 2: అలా మంత్రం వేసేవాణ్ణి డ్యామేజ్ డైస్ మళ్లీ వేసుకోనివ్వండి, బదులుగా పక్కనున్న సొంత మనుషులకే దెబ్బ తగలాలి.