తృటా, త్రుటా?

ప్రశ్న: లెడ్ టైటనేట్ అనే ఫెర్రోఎలక్ట్రిక్ (తనంతట తానే విద్యుత్ ధ్రువాలు కలిగి ఉండే) స్ఫటికం గురించి రాస్తున్నాను. ఫెమ్టోసెకన్ల లేజర్ మెరుపు తగలగానే ఎలక్ట్రాన్లు విడివడి, లోపలి విద్యుత్ క్షేత్రాన్ని మార్చేస్తాయి. దాంతో పికోసెకన్లలోనే (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, ఫెమ్టోసెకను అందులో వెయ్యో వంతు) జాలకం, అంటే స్ఫటికంలోని అణువుల అల్లిక, నిడివి మారిపోతుంది. 2012లో ఎక్స్‌రే మెరుపులతో ఈ కదలికను పట్టుకున్నారు. 'తృటిలో' అని రాయబోతుంటే భాగవతంలోని గోపికా గీతం ముక్క అడ్డొచ్చింది: 'త్రుటి... యుగాయతే'. పూర్తి పాదం ఎవరికైనా గుర్తుందా? తృ నా, త్రు నా?

శబ్దార్థి: 'త్రుటిర్యుగాయతే త్వామపశ్యతామ్'. కృష్ణా, నిన్ను చూడనివాళ్లకు త్రుటి కూడా యుగంలా గడుస్తుందని. త్రు యే. ధాతువు త్రుట్, తెగడం. 'తృటిలో తప్పిన ప్రమాదం' అని పేపర్లే ఋత్వాన్ని ఖాయం చేసేశాయి.

ప్రాసప్రియ: ఆ శ్లోకంలో పాదాల మొదటి మాటలు చూడండి: అటతి, త్రుటి, కుటిల... వరసగా రెండో అక్షరం ట! నాలుగో పాదం మాత్రం 'జడ'. సంస్కృతంలో నియమం కాకపోయినా ఎంత ముచ్చటగా కుదిరిందో చూడండి.

శబ్దార్థి: ముచ్చటే గానీ మాస్టారూ, ప్రాస ట ని కాపాడుతుంది, త్రు ని కాదు. ఛందస్సూ తేల్చదు. త్రు అయితే ముందక్షరం గురువవుతుంది, తృ అయితే కాదు. కానీ ఇక్కడ ముందు పాదం చివరున్నది 'కాననం', సున్నాతో ఎలాగూ గురువే.

లెక్కలపంతులు: అక్షరం సరే, కొలత చూడండి. భాగవతం తృతీయ స్కంధం ప్రకారం, నాడి (ఘడియ) 24 నిమిషాలైతే త్రుటి సెకనులో సుమారు 2,100వ వంతు. అందులో పద్దెనిమిదో వంతు పరమాణు కాలం, అంటే 26 మైక్రోసెకన్లు. జాలకం పికోసెకనుకి ఒక్కసారే ఊగుతుందనుకున్నా ఆలోపు 2.6 కోట్ల ఊపులు! గోపికల సంగతేమో గానీ ఆ స్ఫటికానికి త్రుటి నిజంగా యుగమే.

శబ్దార్థి: అది భాగవత త్రుటి. గణితవేత్త భాస్కరాచార్యుడిది సెకనులో 33,750వ వంతు. ముందు ఏ త్రుటో తేల్చండి.

ప్రాసప్రియ: ఈ కొలతలన్నీ ఎందుకండీ? 'ఇంతింతై వటుడింతయై' పద్యంలో కాలం చెప్పే మాట ఒక్కటీ లేదు. 'అంతై, అంతై' అంటూనే పోతన వేగమంతా చూపించాడు.

లెక్కలపంతులు: అది పెరగడం మాస్టారూ, ఇది ఊగడం. స్ఫటికం వామనుడిలా పెరుగుతూ పోదు, వెనక్కీ వస్తుంది.

ప్రాసప్రియ: వామనుడూ వెనక్కొచ్చాడుగా!

ప్రశ్న వేసినవారు: రేపటికి వ్యాసం పంపాలి. 'కొన్ని పికోసెకన్లలో' అనే రాసేస్తాను.

శబ్దార్థి: శుభం. అన్నట్టు, ఫెమ్టో ఏమిటమ్మా? 'ఫెంటో' అని సున్నా పెట్టాలి కదా?