వెండిపనివాడు పళ్లు కట్టడం ఎలా నేర్చుకున్నాడు?

మా అమ్మాయి బీడీఎస్ మొదటి సంవత్సరం. దంతవైద్య చరిత్రపై శుక్రవారం తరగతిలో మాట్లాడాలి. చదివే పని మాత్రం నా నెత్తిన పడింది!

తొలి దంతవైద్య కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వెలిసిందని తెలుసు. నా సందేహమంతా అంతకుముందు సంగతి గురించే. బోస్టన్‌లో వెండిపని చేసే పాల్ రివీర్ కట్టుడు పళ్లు కూడా అమర్చేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మరణించిన వైద్యుడు జోసెఫ్ వారెన్ శవాన్ని 1776లో వెలికితీసినప్పుడు, తాను తీగతో బిగించిన పన్ను చూసి రివీరే గుర్తుపట్టాడట. చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

అప్పట్లో ఇలాంటివారు ఈ పని ఎవరి దగ్గర నేర్చుకునేవారు? పన్ను పీకే క్షురకుడికీ, పన్ను కట్టే వెండిపనివాడికీ, వైద్యుడికీ మధ్య హద్దు ఉండేదా? 1728లో ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ దంతవైద్యంపై రాసిన గ్రంథం వీళ్ల దాకా చేరిందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.