12 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయిన జీపీఎస్: తప్పు బ్యాటరీదా, మాడ్యూల్‌దా?

కాన్సాస్_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇక్కడ కాన్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను, హ్యామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే రేడియో) టెక్నీషియన్ లైసెన్సు ఉంది. నవంబరులో నలుగురు మిత్రులం కలిసి హచిన్సన్ బయట ఒక మైదానం నుంచి 1200 గ్రాముల లాటెక్స్ బెలూన్ వదిలాం. బెలూన్ ఎక్కడుందో చెప్పే ట్రాకర్ నేనే కట్టాను. యూబ్లాక్స్ ఎం8 జీపీఎస్, 144.390 మెగాహెర్ట్జ్ మీద ఏపీఆర్‌ఎస్‌కి (ఉన్న చోటుని చిన్న ప్యాకెట్లుగా పంపే హ్యామ్ పద్ధతి) అర వాట్ రేడియో, చిన్న మైక్రోకంట్రోలర్, కరెంటుకి ఒకే ఒక్క 18650 లిథియం అయాన్ సెల్లు. చలి తగలకుండా థర్మోకోల్ పెట్టెలో ఒక హ్యాండ్ వార్మర్ ప్యాకెట్ కూడా పెట్టాను.

మొదటి 40 నిమిషాలు చూస్తుంటే కడుపు నిండిపోయింది. నిమిషానికో ప్యాకెట్, సెకనుకి 5 మీటర్ల చొప్పున ఎక్కుతోంది. ఆ తర్వాత ఎత్తు 11,980 మీటర్ల దగ్గర ఆగిపోయింది. ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి, అన్నింట్లో అదే చోటు, అదే ఎత్తు. ఇంకో అరగంటకి అవీ ఆగిపోయాయి. చీకటి పడేదాకా కారులో తిరిగాం. మూడో రోజు ఎంపోరియా వైపు ఒక రైతు తన పొలంలో పెట్టె చూసి, మీద రాసిన నంబరుకి ఫోన్ చేశారు.

తెరిచి చూస్తే వార్మర్ ఇటుకలా గట్టిపడి ఉంది. సెల్లు మీటరుకి పెడితే 3.7 ఓల్టులు! అంటే బ్యాటరీ అయిపోలేదు. ఈ జీపీఎస్ మామూలు మోడ్‌లో 12 కిలోమీటర్ల పైన పొజిషన్ ఇవ్వదని నాకు తెలుసు, అందుకే బోర్డు ఆన్ కాగానే ఆ హద్దు దాటనిచ్చే ఎయిర్‌బోర్న్ మోడ్ కమాండ్ పంపేలా కోడు రాశాను. నేలమీద పరీక్షించాను కూడా. మరి ఎక్కడ దెబ్బ తిన్నాను?

లీడ్స్_సుజాత:
తమ్ముడూ, లాగ్‌లో (వచ్చిన ప్యాకెట్ల రికార్డులో) రెండు విషయాలు చూసి చెప్పు. 12 కిలోమీటర్లకి ముందు ఎక్కడైనా శాటిలైట్ల సంఖ్య ఒక్కసారిగా సున్నాకి పడి మళ్లీ లేచిందా? బ్యాటరీ ఓల్టేజిని రేడియో మాట్లాడుతున్నప్పుడు కొలుస్తున్నావా, ఊరుకున్నప్పుడా?

కాన్సాస్_కుర్రాడు:
అక్కా, ఇప్పుడే చూశాను. 9,200 మీటర్ల దగ్గర ఒకే ఒక్క ప్యాకెట్‌లో శాటిలైట్లు 0. తర్వాతి దాంట్లో 7, ఆ పైన మామూలుగా 11. దాన్ని నేను పట్టించుకోలేదు. ఓల్టేజి మాత్రం రేడియో ఊరుకున్నప్పుడే కొలిచాను.

లీడ్స్_సుజాత:
అదే దొరికింది. నీకు రెండు జబ్బులు లేవు, ఒకటే ఉంది.

చలికి సెల్లు లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. చార్జి ఉంటుంది కానీ బయటికి రాదు. రేడియో నోరు తెరిచిన ఆ ఒక్క క్షణం ఓల్టేజి కుంగిపోతుంది, మూసుకోగానే లేస్తుంది. 9,200 దగ్గర అలా కుంగినప్పుడు మైక్రోకంట్రోలర్ తట్టుకుంది, జీపీఎస్ తట్టుకోలేక రీసెట్ అయింది. చాలా బోర్డుల్లో ఎం8 పక్కన బ్యాకప్ బ్యాటరీ ఉండదు కాబట్టి రీసెట్ అయితే నువ్వు పంపిన సెట్టింగు పోయి మామూలుగా ఉండే పోర్టబుల్ మోడ్‌కి వచ్చేస్తుంది. దాని హద్దు 12,000 మీటర్లు. నీ కోడు ఆన్ అయినప్పుడు ఒక్కసారే కమాండ్ పంపింది, మళ్లీ పంపలేదు. పైకెళ్లాక పొజిషన్ ఇవ్వడం మానేసింది, నీ ప్రోగ్రాం పాత అంకెలే పంపుతూ పోయింది. ఆ తర్వాత చలి ఇంకా ముదిరి మొత్తం పడుకుంది.

ఇంకొకటి. ఆ బోర్డు మీద రెగ్యులేటర్ (ఓల్టేజిని 3.3 దగ్గర నిలిపే చిప్) 1117 రకమైతే దానికే ఇంచుమించు ఒక ఓల్టు అదనంగా కావాలి. 3.7 సెల్లు పెట్టి 3.3 రావాలంటే నేలమీదే రాదు. దాన్ని తీసేసి తక్కువ డ్రాపౌట్ రకం, అంటే అంత అదనపు ఓల్టేజి అడగనిది పెట్టు. సెల్లు స్థానంలో ఎనర్జైజర్ అల్టిమేట్ లిథియం డబుల్ ఏలు మూడు వరసగా కలుపు. అవి రీచార్జి కావు, కానీ మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ఒక్కోటి 15 గ్రాములు, మూడూ కలిపితే నీ 18650 అంత బరువే. మేం ఇక్కడ బ్రిటన్‌లో 434 మెగాహెర్ట్జ్‌లో 10 మిల్లీవాట్లతోనే పంపిస్తాం, అయినా ఈ సెల్లులు తప్ప వేరేవి ముట్టుకోం.

ఈసీఐఎల్_పెద్దాయన:
బాబూ, సుజాతమ్మ చెప్పినదంతా సరిగ్గా ఉంది. వార్మర్ గురించి ఒక మాట. అందులో ఉన్నది ఇనుప పొడి, అది తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడే అది. తుప్పుకి ఆక్సిజన్ కావాలి. 16 కిలోమీటర్ల మీద గాలి పీడనం నేలమీదున్న దానిలో పదో వంతే. నీకు వేడి కావలసిన చోటే అది చల్లారిపోతుంది. దాని బరువు దండగ, ఆ బరువుకి ఇంకో పొర థర్మోకోల్ వెయ్యి.

ఇక్కడ హైదరాబాదులో మా ఇంటికి దగ్గరే టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్ల బెలూన్ కేంద్రం. తెల్లవారుజామున వాళ్లు వదిలే పెద్ద పాలిథిన్ బెలూన్లు మేడ మీంచి చూస్తూ పెరిగాను, హ్యామ్ పిచ్చి అలాగే పట్టుకుంది. ఇక్కడ ఆకాశంలో పైన చలి మీ దగ్గరకంటే ఎక్కువంటే పిల్లలు నమ్మరు. ఉష్ణమండలంలో ట్రోపోపాజ్, అంటే పైకెళ్లేకొద్దీ చలి పెరగడం ఆగే చోటు, 16, 17 కిలోమీటర్ల మీద ఉంటుంది, అక్కడ మైనస్ 80 దాకా పోతుంది. సెలవులకి వచ్చినప్పుడు ఇక్కడ ఎగరేద్దామనుకుంటే ముందు అనుమతులు తీసుకో. శాటిలైట్ కమ్యూనికేటర్ మాత్రం సూట్‌కేసులో తేవద్దు. ఇక్కడ అనుమతి లేకుండా అది దగ్గర ఉంటేనే కేసు.

పరీక్ష మాత్రం తప్పక చెయ్యి. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) కొను, పెట్టెలో పెట్టి రెండు గంటలు రేడియో నడిపించు. కిటికీలు తీసి ఉంచు, మూత బిగించకు, చేతికి గ్లవ్స్ వేసుకో.

కాన్సాస్_కుర్రాడు:
నిన్న రాత్రి గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి డ్రై ఐస్‌తో చేశాను. పాత 18650 పెట్టి, ప్రతి ప్యాకెట్ తర్వాత జీపీఎస్ మోడ్‌ని తిరిగి చదివేలా కోడు మార్చాను. ఎయిర్‌బోర్న్ అంటే 6. మొదటి 20 నిమిషాలు 6, 6, 6. 23వ నిమిషంలో శాటిలైట్లు సున్నా, ఆ వెంటనే మోడ్ 0. కళ్లముందే పోర్టబుల్‌కి పడిపోయింది! రేడియో మాట్లాడుతున్నప్పుడు కొలిస్తే ఓల్టేజి 2.9.

తర్వాత రెగ్యులేటర్ మార్చి మూడు లిథియం డబుల్ ఏలు పెట్టాను. రెండు గంటలు కదల్లేదు. అయినా నిమిషానికోసారి మోడ్ చదివి, 6 కాకపోతే మళ్లీ పంపేలా ఉంచాను. పొజిషన్ పాతదైతే ప్యాకెట్‌లో ఆ మాట కూడా వెళ్తుంది.

సుజాతక్కా, పెద్దాయనా, మీ ఇద్దరికీ చాలా రుణపడ్డాను. మార్చిలో మళ్లీ ఎగరేస్తున్నాం. వార్మర్ తీసేశాను. ఫోన్ నంబరు మాత్రం ఈసారి పెట్టెకి నాలుగు వైపులా రాస్తున్నాను.