రెండు రోజులు, ఆరు వేలు, ఒక పాత వ్యాగనార్: ఉప్పల్ నుంచి ఎటు పోవచ్చు?

పాత వ్యాగనార్ (ఉప్పల్):

నమస్తే అందరికి. దసరా సెలవులు వస్తున్నయి, పిల్లలు ఇప్పటి నుంచే పానం తోడుతున్రు ఎటన్న తీస్కపో అని. వాళ్ల క్లాసుల సగం మంది గోవా అంటున్రట. మా దగ్గర ఉన్నది 2012 వ్యాగనార్, ఏసీ వేస్తే గుట్ట ఎక్కదు, గుట్ట ఎక్కాలంటే ఏసీ ఆపాలె, గంతే దాని సంగతి. మేము ఐదుగురం. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి, నేను, మా ఆవిడ, మా అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఓ ఇరవై మెట్లు అంటే ఎక్కుతది, ఆ తర్వాత నన్నే తిడ్తది.

బడ్జెట్ ఆరు వేలు, పెట్రోల్, రూం, తిండి అన్నీ కలిపి. టికెట్ లేని జాగలు, లేకపోతే పది ఇరవై రూపాయల జాగలు చెప్పున్రి. కానీ నిజంగ ఫ్రీ ఉండాలె, ఎందుకంటే పోయినేడు ఒక జలపాతానికి పోయినం, ప్రవేశం ఉచితం అన్నరు, పార్కింగ్ వంద, చెప్పులకు పైసలు, వచ్చేటప్పుడు హైవే మీద ఒక హోటల్ల ఆగినం, ఐదుగురికి 2,300 బిల్లు. అందుల నాలుగు నీళ్ల సీసాలు మేము అడగనేలేదు, కూసోంగనే మూత తీసి పెట్టిపోయిండు. ఇంటికొచ్చే దాక మా ఆవిడ మాట్లాడలె.

హన్మకొండ అల్లుడు:

అన్నా, ఉప్పల్ల ఉండి ఇంక అడుగుడేంది, బండి వరంగల్ రోడ్డు మీదనే ఉన్నది కదా. నాకు అత్తగారి ఊరు కాబట్టి నెలకోసారి పోత, రూటు మొత్తం చెప్త విను.

పొద్దుగాల ఆరుకే వెళ్లిపో. నారపల్లి దాటే దాకనే తిప్పలు, ఆ తర్వాత రోడ్డు ఖాళీ. భువనగిరి కోట కనబడుతది, ఒకటే రాయి మీద కట్టిన కోట, చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీదనే ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. కానీ అమ్మతోని ఎక్కుడు కాదు, కారుల నుంచి చూసి దండం పెట్టు. యాదగిరిగుట్ట పోతే మాత్రం సెలవులల్ల సగం రోజు లైన్లనే పోతది, నేనైతే వచ్చేటప్పటికి వాయిదా వేస్త.

ఆలేరు దగ్గర లోపలికి తిరిగితే కొలనుపాక జైన దేవాలయం. టికెట్ లేదు, పచ్చరాయి మహావీరుని విగ్రహం ఉంటది, లోపల ఎంత చల్లగుంటదంటే మా అత్తమ్మ అయితే అక్కడ్నే పండుకుంట అన్నది. మళ్ల హైవే ఎక్కి జనగామ దగ్గర పెంబర్తి. అందరు రయ్యిన పోతరు గని ఆగు. షాపు కాదు, దాని వెనక పని చేసే షెడ్డుకు పో, చూస్తం అంటే కాదనరు. ఇత్తడి రేకును లక్క మీద పరిచి చిన్న ఉలి పెట్టి కొడుతుంటరు, ఒక్కో దెబ్బకు రేకు కొంచెం ఉబ్బుతది, పది నిమిషాలు చూస్తే ఏనుగు తొండం లేస్తది. మా వోడు కదలలేదు. ఎనకకొచ్చి షాపుల కాలు పెట్టినవో నీ ఆరు వేలు అక్కడ్నే అయిపోతయి, ముందే చెప్తున్న.

హన్మకొండల వేయి స్తంభాల గుడి, కాకతీయ రాజు రుద్రదేవుడు 1163ల కట్టిచ్చిండు, టికెట్ లేదు. భద్రకాళి గుడి కూడ అంతే, పక్కన చెరువు కట్ట మీద సాయంత్రం కూసుంటే పిల్లలకు వేరే పార్కు అక్కర్లేదు. కాకపోతే నవరాత్రులల్ల భద్రకాళికి జనం పోటెత్తుతరు, పొద్దున్నే చూసుకోవాలె, మధ్యాహ్నం గుడి మూస్తరు. వరంగల్ కోటకు ఆర్కియాలజీ వాళ్ల టికెట్ ఉన్నది, పెద్దలకు 25, పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. నాలుగు కీర్తి తోరణాల నడుమ విరిగిన రాళ్లు ఆడ ఈడ పడి ఉంటయి, పిల్లలు వాటి మధ్యల దాగుడుమూతలు ఆడుకున్నరు, అమ్మ చెట్టు కింద కూసున్నది.

రెండో రోజు రామప్ప. పాలంపేట, హన్మకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపలనే. 1213ల కాకతీయుల సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టిచ్చింది, 2021ల యునెస్కో లిస్టుల చేరింది. గుడి పునాదిల ఇసుక పోసి కట్టిన్రు, పైన శిఖరానికి నీళ్ల మీద తేలే ఇటుకలు వాడిన్రు. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడోళ్ల శిల్పాలు ఉంటయి, ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉన్నయి చూడు, మా ఆవిడ పది ఫొటోలు దిగింది ఆమె కింద నిలబడి.

లెక్క: మొత్తం 450 కిలోమీటర్లు వేసుకో, నీ బండి పద్దెనిమిది ఇస్తే 25 లీటర్లు, లీటరు 107 లెక్కన వేసుకుంటే 2,700 లోపల. టోల్ గూడూరు దగ్గర ఒకటి, కోమళ్ల దగ్గర ఒకటి, పోను రాను నాలుగు సార్లు. నా లెక్క తిరిగేటోళ్లు ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీస్కుంటే 200 ట్రిప్పులు వస్తయి, నీకు అక్కర్లేదు.

బస్సు సీటు కిటికీ పక్కన:

అన్నలు అందరు పెట్రోల్ లెక్కలు వేస్తున్రు, ఒక్కరు కూడ అసలు సంగతి చెప్తలేరు 😀 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆడోళ్లకు టికెట్ లేదు కదా. మీ ఐదుగురిల ముగ్గురు జీరో టికెట్. నీకు ఫుల్ టికెట్, మీ బాబుకు ఆఫ్ టికెట్, గంతే. ఉప్పల్ క్రాస్ రోడ్స్ల ఎక్కితే హన్మకొండల దిగుడే. ఆధార్ మర్చిపోవద్దు. ఎక్స్‌ప్రెస్ చూసి ఎక్కు, సూపర్ లగ్జరీ ఎక్కి తర్వాత నన్ను తిట్టకు.

పాత వ్యాగనార్:

తమ్మీ నీ లెక్క కరెక్టే గని దసరాకు బస్సుల అమ్మకు సీటు దొరుకుతదా? నిలబడి రెండున్నర గంటలు పోతే ఆమె నన్ను ఇంట్ల నుంచే ఎల్లగొడతది. కారే నయం. అల్లుడు గారూ పెంబర్తి సంగతి మస్తు చెప్పిన్రు, నేను ఎన్నిసార్లు ఆ రోడ్డు మీద పోయిన్నో, ఒక్కసారి ఆగలె. రూం సంగతి, తిండి సంగతి ఎవరన్న చెప్పున్రి.

కూకట్‌పల్లి వంటిల్లు:

నమస్తే అండి. నేను మాత్రం ఒక మాట చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో రెండు రోజుల్లో అన్ని ఊళ్లు తిప్పడం కష్టమండి. మేము మా మావయ్యగారిని తీసుకుని మెదక్ వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేశాం, రూం ఖర్చే లేదు. నర్సాపూర్ అడవి మీదుగా వెళ్తే వంద కిలోమీటర్లు ఉంటుందేమో, ఆ అడవి దారే సగం ట్రిప్పు. మెదక్ చర్చి 1914లో మొదలుపెట్టి 1924లో పూర్తి చేశారు, పోస్నెట్ అనే ఇంగ్లీషు పాదిరి దొర కరువు రోజుల్లో పని ఇచ్చి తిండి పెట్టి కట్టించాడని అక్కడ అందరూ చెప్తారు. గంట గోపురం 175 అడుగులు. రంగుల అద్దాల కిటికీల్లోంచి ఎండ నేల మీద పడుతుంటే మా చిన్నది ఆ రంగుల మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది, లేవనంటే లేవను అంది. టికెట్ లేదు. వచ్చేటప్పుడు ఏడుపాయల, మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి. వానలు ఎక్కువైతే గుడి ముందుకు నీళ్లొచ్చేస్తాయి, ముందు కనుక్కుని వెళ్లండి.

ఇక తిండి. ఫ్రీ జాగాలకి వెళ్లి హోటల్లో కూర్చుంటే ఫ్రీ ఏం లాభం అండి? రాత్రే చింతపండు పులుసు ఉడికించుకోండి, తెల్లారి అన్నం ఆరబెట్టి పులిహోర కలపండి, సాయంత్రం దాకా పాడవదు. పెరుగన్నంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోస్తే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పుల్లబడదు. నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్ డిక్కీలో పడేయండి, ఆ మూత తీసిన సీసాల గొడవే ఉండదు. పాత దుప్పటి ఒకటి మర్చిపోకండి, లేకపోతే చెట్టు కింద ఎక్కడ కూర్చుంటారు?

హన్మకొండ అల్లుడు:

అక్కా మెదక్ మంచిగనే ఉంటది, కాదంటలేను. కానీ దసరా ముందట అంటే మా వైపు బతుకమ్మ కదా, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర చూడాలె, దానికి టికెట్ పెడ్తే ఎంతైనా ఇస్తరు జనం. మీరు చెప్పిన పులిహోర, పెరుగన్నమే మా దగ్గర ఆ రోజు సద్దులు, నువ్వులది ఒకటి కలుపుకుంటరు. వ్యాగనార్ అన్నా, ఆ రోజు పొద్దుగాలనే హన్మకొండ చేరు, సాయంత్రం కారు లోపలికి రాదు, రూం నుంచి నడిచి పో. రూం స్టేషన్ దగ్గర వద్దు, హన్మకొండ చౌరస్తా వైపు అడుగు, ముందే ఫోన్ చేసి రేటు మాట్లాడుకో, పోయినంక అడిగితే పండుగ రేటు చెప్తరు.

సాగర్ గేట్లు ఎత్తిన్రా:

నాగార్జునసాగర్ ఎవరూ అనలేదేంటి? 26 గేట్లు ఎత్తితే కింద వంతెన మీద నుంచి చూడ్డానికి పైసా అక్కర్లేదు. కాకపోతే ఆదివారం వెళ్తే గేట్లకంటే ముందు కార్ల డిక్కీలే కనబడతాయి.

పాత వ్యాగనార్ (పన్నెండు రోజుల తర్వాత):

పోయొచ్చినం. మెదక్ దీపావళి తర్వాత, ఇది వరంగల్ సంగతి. పెట్రోల్, టోల్ కలిపి 3,100. రూం 1,400. టీలు, రెండో రోజు టిఫిన్లు 620. కోట టికెట్ ముగ్గురికి 75. బతుకమ్మ దగ్గర బాబు ఏడ్చి కొనిపిచ్చుకున్న బుడగలు, పీపీ 250. మొత్తం 5,445. కొలనుపాకల అమ్మ గంట సేపు లేవలె, రామప్పల నందిని చూసి "ఇది ఇప్పుడే లేచెటట్టున్నది" అన్నది, గంతే, మోకాళ్ల మాట ఎత్తలె. మా ఆవిడ పెంబర్తిల చిన్న గంట ఒకటి కొన్నది, అది లెక్కల వెయ్యద్దట, పుట్టింటోళ్లు ఇచ్చిన పైసలతోని కొన్నదట.

ఇంటికొచ్చినంక బాబు పక్క ప్లాట్ల కడుతున్న ఇంటి కాడ నుంచి ఇటుక తెచ్చి బకెట్ల వేసిండు. బుడుంగున మునిగింది. ఇప్పుడు రోజూ అడుగుతుండు, మనది ఎందుకు మునిగింది నాన్నా అని. అల్లుడు గారూ, జవాబు మీరే చెప్పాలె, నీళ్ల మీద తేలే ఇటుకల కథ చెప్పింది మీరే కదా.