పీఎల్ఏ నిజంగా మట్టిలో కలిసిపోతుందా?

ప్రశ్న:
కాలేజీ ప్రాజెక్టు కోసం స్టార్చ్, గ్లిజరిన్ కలిపి పల్చటి ఫిల్మ్ చేస్తున్నాను. ఎండితే బాగానే ఉంటోంది, తడి తగిలితే మెత్తబడిపోతోంది. పీఎల్ఏ (లాక్టిక్ ఆమ్లంతో చేసే ప్లాస్టిక్) వాడమని మా గైడ్ గారు అంటున్నారు. అది పాతిపెడితే మట్టిలో కలిసిపోతుందా? రీసైకిల్ కూడా చేయొచ్చా? ఈ రెండూ తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మామూలు మట్టిలో పాతితే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. పీఎల్ఏలోని పొడవాటి అణువుల గొలుసులు ముందు నీటితో తెగాలి, ఆ తర్వాతే సూక్ష్మజీవులు తింటాయి. ఆ తెగడం వేగంగా జరగాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి, తేమ కావాలి. అందుకే పారిశ్రామిక కంపోస్టు కేంద్రాల్లో కొన్ని నెలల్లోనే విరిగిపోతుంది. ప్యాకెట్ మీద 'కంపోస్టబుల్' అని రాసి ఈ షరతు చెప్పకపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

రీసైకిల్ చేయొచ్చు. కరిగించి మళ్లీ పోయొచ్చు, లేదా రసాయనికంగా విడగొట్టి లాక్టిక్ ఆమ్లం తిరిగి రాబట్టొచ్చు. కానీ విడిగా సేకరించాలి. పెట్ సీసాల్లో (మామూలు నీళ్ల, కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్) కొంచెం కలిసినా ఆ బ్యాచ్ నాణ్యత పడిపోతుంది.

జవాబు 2:
పీహెచ్ఏల గురించి కూడా చదవండి. బ్యాక్టీరియా తన కణంలో కొవ్వులా దాచుకునే పాలిమర్ ఇది. 1926లోనే లెమోయిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త గుర్తించారు. వాడేసిన వంటనూనెను మేతగా వేసినా తయారవుతుంది, మట్టిలోనూ సముద్రంలోనూ విరుగుతుంది. ఖరీదే అడ్డంకి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అండీ. మరి నా స్టార్చ్ ఫిల్మ్ వదిలేయాలా?

జవాబు 1:
వద్దండీ. కొంచెం సిట్రిక్ ఆమ్లం కలిపి వేడిచేసి చూడండి, గొలుసుల మధ్య లంకెలు పడి నీరు పీల్చడం తగ్గుతుంది.