‘బేరసారాలు’ అన్న మాటను ‘సంప్రదింపులు’గా మార్చవద్దు

ఉద్యోగ సంఘాల హక్కుల గురించి రాసేటప్పుడు ‘సామూహిక బేరసారాలు’ (జీతాలు, పని షరతుల గురించి సంఘం యాజమాన్యంతో ఉమ్మడిగా బేరమాడడం) అనడం బాగాలేదని, ఎమ్మెల్యేల కొనుగోళ్ల వార్తల్లో పడి ఆ మాట మైలపడిందని, ‘సామూహిక సంప్రదింపులు’ అంటే గౌరవంగా ఉంటుందని ఒక పెద్దాయన సూచించారు. ఆయన బాధ అర్థమైనా ఆ మార్పును నేను ఒప్పుకోలేను, ఎందుకంటే సంఘాల హక్కుల మీద కోర్టుల్లో నడిచిన వివాదమంతా ఈ రెండు మాటలకు మధ్య ఉన్న తేడా మీదనే నడిచింది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2011లో ‘యాక్ట్ 10’ తెచ్చింది. పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని మినహాయించి, టీచర్లు మొదలైన ప్రభుత్వోద్యోగుల సంఘాలు మూలవేతనం గురించి తప్ప మరి దేని గురించీ బేరమాడకూడదని అది కట్టడి చేసింది. పైగా సంఘం గుర్తింపు నిలవాలంటే ఏటా జరిగే ఓటింగులో, పోలైన ఓట్లలో కాదు, మొత్తం ఉద్యోగుల్లో 51 శాతం మద్దతు రావాలి. సంఘాలు సవాలు చేస్తే 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. సంఘంగా కూడే స్వేచ్ఛ రాజ్యాంగానిదని, బేరమాడే వీలు శాసనసభ ఇచ్చినదే కనుక దాన్ని తగ్గించవచ్చని ఆ తీర్పు సారాంశం. 2024 డిసెంబరులో కింది కోర్టు జడ్జి ఒకరు, కొందరిని మినహాయించి మిగిలినవారిని కట్టడి చేయడం సమానత్వానికి విరుద్ధమని చాలా భాగాలను కొట్టివేశారు కానీ, అప్పీలుతో దాని అమలు ఆగింది.

మన సుప్రీంకోర్టు కూడా 1961లో బ్యాంకు ఉద్యోగుల కేసులో, సంఘం పెట్టుకునే హక్కులో బేరం ఫలించే హామీ లేదని చెప్పింది. 2003 రంగరాజన్ కేసులో ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కే లేదన్నది.

దేవరకద్ర పశువుల అంగడిలో రుమాలు కింద వేళ్లు పట్టి ధర చెప్పుకునే ఇద్దరిని చూడండి. ధర నచ్చకపోతే అమ్మేవాడు చెయ్యి వెనక్కి లాక్కుని, పగ్గం పట్టుకుని ఎద్దుతో పక్కకు నడుస్తాడు. అలా నడిచిపోయే వీలుంటేనే అది బేరం. ‘బేరం తెగింది’ అంటే ఇద్దరూ మాటకు కట్టుబడాలి. సంప్రదింపులో ఈ రెండూ ఉండవు, అధికారి వినతిపత్రం తీసుకుని ‘పరిశీలిస్తాం’ అంటే అది పూర్తయినట్టే.

2019లో అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా నల్లగొండ, మహబూబ్‌నగర్ డిపోలతో సహా ఆర్టీసీ కార్మికులు సమ్మెలో ఉన్నప్పుడు, హైకోర్టు చొరవ తర్వాత అక్టోబరు 26న చర్చలకు కూర్చున్నారు. చర్చలు జరిగాయి, బేరం తెగలేదు. ఆ రోజును ‘సంప్రదింపులు జరిగాయి’ అని రాస్తే కార్మికులకు ఏం దక్కలేదో మాటలోనే మాయమవుతుంది.

‘సారాలు’ అన్న తోకే ఇబ్బందైతే దాన్ని తీసేసి ‘ఉమ్మడి బేరం’ అందాం, ‘ఉమ్మడి బేరం ఆడే హక్కు’ అని రాద్దాం. అంతకంటే మెత్తని మాటకు నేను సమ్మతించను.