టరాంటులా పిల్ల మట్టిలకు పోయి బొక్క మూసుకుంది, 18 రోజులైంది, తవ్వాల్నా వద్దా?

హన్మకొండ_పోరడు:

అన్నలకు అక్కలకు నమస్తే. నాకు టరాంటులాల గురించి, అదే బొచ్చుతోని ఉండే పెద్ద జాతి సాలెపురుగుల గురించి ఎక్కువ తెల్వదు, వీడియోలు చూసి చూసి మోజు పుట్టి బతుకమ్మ పండుగ ముంగట రెండు స్లింగులు, అంటె టరాంటులా పిల్లలు, తెప్పిచ్చుకున్న, బ్రెజిలియన్ సాల్మన్ పింక్ అంట, అమ్మినాయన చెప్పిందే నాకు తెలుసు. కాళ్లతోని కలిపి కొలిచినా ఒక్కొక్కటి సెంటీమీటర్ ఉండదు, ఒళ్లు పెసరగింజంత. టిఫిన్ సెంటర్ల చట్నీ పార్సిల్ కట్టే డబ్బాలుంటయి కదా, అవి రెండు కడిగి, సూది కాల్చి మూతలకు బొక్కలు పెట్టి, కోకోపీట్ సగం దాక పోసి అందుల ఒకటి ఇందుల ఒకటి ఇడిసిన.

మొదటిది పదకొండో రోజు సచ్చిపోయింది. పొద్దుగాల లేచి చూస్తే కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుసుకొని ఉంది, పెయింట్ బ్రష్ తోని తాకిన, కదల్లే. మస్తు బాధైంది కానీ ఇంట్ల చెప్పుకోనీకి లేదు, ఎందుకంటె ఇంట్ల సాలెపురుగులు ఉన్న సంగతే మా అమ్మకు తెల్వదు.

రెండోది మంచిగనే ఉండె, మీల్ వార్మ్ ముక్క కోసి పెడితే గుంజుకపోయి తినేది. తర్వాత తినుడు బంద్ చేసింది, పొట్ట నల్లగ నిగనిగ మెరుసుడు పెట్టింది, ఓ రాత్రి మట్టి తోడి తోడి అడుగుకు పోయి పైన మట్టి, దారం కలిపి మూసేసుకుంది. ఇయ్యాల్టికి 18 రోజులు. రోజు రెండు పూటల స్ప్రే కొడుతున్న, మట్టి మీద తెల్లగ ఏందో లేసింది. చెంచాతోని మెల్లగ తవ్వి చూడాల్నా? ఇది కూడ ఆకలికి పోతదేమో అని పరేషాన్ అయితుంది. నిన్న ఓ చిన్న మిడతను పట్టుకొచ్చి డబ్బల ఏసిన, అది కూడ అట్లనే తిరుగుతుంది.

ఎనిమిదికాళ్లు_కరీంనగర్:

తమ్మీ ముందుగాల ఆ మిడతను బయటికి తియ్యి, మిగతా ముచ్చట తర్వాత. చెంచా వంటింట్ల పెట్టు.

నువ్వు చెప్పిన గుర్తులన్నీ కుబుసం ఇడిసే ముందటివే. తినుడు బంద్, పొట్ట నల్లబడుడు, తలుపు మూసుకునుడు. లోపట ఏం అయితదో తెలుస్తే నీకే భయం పోతది. పాము లెక్క పైతోలు ఒక్కటే ఇడిసి పోదు ఇది, నోటి లోపలి పొర, గుంజి తాగే సంచి పొర, ఊపిరితిత్తుల పొరలు కూడ ఆ తోలుతోనే ఊడి వస్తయి. అది ఎల్లెలకల పండుకొని, పాత కాళ్లల్లకెల్లి కొత్త కాళ్లను ఒక్కొక్కటే పీక్కుంటది. చలికాలంల టైట్ స్వెటర్ ఇప్పినట్టు అనుకో, కాకపోతే ఎనిమిది చేతులు. ఆ టైంల నువ్వు చెంచా పెట్టి కదిలిచ్చినవనుకో కాలు ఇరుగుతది, లేకపోతే పొట్ట పగులుతది. కాలు అయితే తర్వాతి కుబుసాలల్ల మళ్ల మొలుస్తది కానీ పొట్ట పగిలితే ఇగ అంతే.

మిడతను ఎందుకు తియ్యమన్ననంటే, కుబుసం ఇడిసేటప్పుడు, ఇడిసినంక కొన్ని రోజులు దాని ఒళ్లు మెత్తగ ఉంటది, కోరలు కూడ తెల్లగ మెత్తగ ఉంటయి. అప్పుడు పురుగే దాన్ని కొరికి తింటది. నా దగ్గర గట్లనే ఒకటి పోయింది, నా తప్పే, ఇలకోడిని ఏసి ఊరికి పోయిన.

18 రోజులు ఏం కాదు. నా దాంట్ల ఒకటి నలభై రోజులు బయటికి రాలే. పొట్ట నిండ ఉన్న స్లింగు ఆకలికి అంత జల్ది సావదు, నీళ్లు లేక ఎండుతనే సస్తది. అట్లని స్ప్రే కొట్టకు, తెల్లగ లేసింది బూజు, అది నీ స్ప్రేతోనే వచ్చింది. ఓ మూలకు మాత్రం డ్రాపర్ తోని మట్టి తడుపు, మిగతా జాగ ఎండనీ, దానికి ఏడ ఇష్టముంటే ఆడ కూసుంటది.

కాజీపేట_జంక్షన్:

పైన అన్న చెప్పింది కరెక్టే, రెండోదాని గురించి నాకు రంది లేదు. మొదటిదాని గురించి అడుగుతున్న. తమ్ముడూ నువ్వు చెప్పినట్టు కాళ్లు కిందికి ముడుసుకొని బోర్ల ఉంటే అది కుబుసం కాదు, డెత్ కర్ల్ అంటరు, అంటె సచ్చేటప్పుడు కాళ్లు ముడుసుకునుడు. కొత్తగ పెంచేటోళ్లు ఈ రెండిటికే గందరగోళం పడుతరు, ఎల్లెలకల ఉంటే సచ్చిందని పారేస్తరు, అది పాపం బట్టలు మార్చుకుంటుంటది.

సాలెపురుగుకు కాళ్లు చాపనీకి మనలెక్క కండ బలం ఉండదు, లోపలి ద్రవం ఒత్తిడితోనే చాపుతది, జేసీబీ ఎట్ల పని చేస్తదో గట్లనే. ఒంట్ల నీళ్లు తగ్గినా, విషం తగిలినా ఆ ఒత్తిడి పడిపోతది, కాళ్లు ముడుసుకుంటయి. ఎండిపోయుడు వల్ల అయితే తొందరగ తడి మట్టి మీద పెడితే ఒక్కోసారి లేస్తది. నువ్వు రోజు నీళ్లు కొడుతున్నవు కాబట్టి అది కాదు అనిపిస్తుంది. ఆ డబ్బా ఏడ పెట్టినవు? రెండు ఒక్క జాగలనే ఉండెనా?

హన్మకొండ_పోరడు:

మిడతను తీసేసిన అన్నా, థాంక్స్. డబ్బాలు ఒక్క జాగల లేవు. రెండోది లోపలి అర్రల బీరువా మీద ఉంది. మొదటిదాన్ని చదువుకునే టేబుల్ మీద పెట్టుకున్న, రాత్రి చూస్తూ ఉండొచ్చని. పక్కన స్విచ్ బోర్డు ఉంటది, ఎందుకు అడుగుతున్నరు?

కాజీపేట_జంక్షన్:

స్విచ్ బోర్డుకు దోమల మందు మిషన్ పెడుతవా?

హన్మకొండ_పోరడు:

అయ్యో. రోజు రాత్రి పెడుత అన్నా. మా దిక్కు దోమలు అట్లున్నయి, అది లేకపోతే నిద్ర పట్టదు.

కాజీపేట_జంక్షన్:

దొరికింది. ఆ మిషన్ల, కాయిల్సుల ఉండేది పైరెథ్రాయిడ్ జాతి మందు, దోమను సంపేదే సాలెపురుగును కూడ సంపుతది, ఇగ పెసరగింజంత దానికి ఎంత కావాలె చెప్పు. తలుపులు మూసిన అర్రల రాత్రంత పీల్చింది. నీ తప్పని అంటలేను, నేను కూడ ఇట్లనే నేర్చుకున్న. ఇప్పటి నుంచి దోమతెర కట్టుకో, మున్సిపాలిటోళ్లు పొగ కొట్టుకుంట గల్లీలకు వస్తే ఆ పూట కిటికీలు మూసి డబ్బాకు బట్ట కప్పు.

ఇంకొకటి, అమ్మినాయన చెప్పిన పేరు మీదనే నమ్మకం పెట్టుకోకు, సైంటిఫిక్ పేరు అడుగు. సాల్మన్ పింక్ అయితే లాసియోడోరా పారాహైబానా అని ఉండాలె. ఎందుకంటె మెక్సికన్ రెడ్-నీ (ఎర్ర మోకాళ్లది) లాంటి బ్రాకీపెల్మా జాతి టరాంటులాలు, మన దేశపు పోసిలోథీరియా జాతివి సైటిస్ (అడవి జీవాల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) జాబితాల ఉన్నయి. 2022ల వన్యప్రాణి చట్టం మార్చినంక ఆ జాబితాల జీవాలను ఇంట్ల పెట్టుకుంటే సర్కారోళ్ల పరివేష్ పోర్టల్ల నమోదు చేపియ్యాలె, 2024ల రూల్సు కూడ వచ్చినయి. పోసిలోథీరియా అంటే యాదికొచ్చింది, నీలం రంగుది ఉంటది చూడు, లోకం మొత్తం పెంచుకునేటోళ్లు దాన్ని గూటీ అంటరు, అది మన తెలుగోళ్ల గుత్తి! 1899ల పోకాక్ అనే ఆయన దానికి పేరు పెట్టిండు, గుత్తి రైల్వే కట్టెల యార్డుల దొరికిందంట, అడవి కట్టెలతోని బండెక్కి వచ్చినట్టుంది పాపం. మళ్ల 2001ల నంద్యాల గిద్దలూరు నడుమ అడవిల కనబడ్డది, ఉన్నవే కొన్ని. రైల్వే క్వార్టర్లల పెరిగినోన్ని కాబట్టి నాకు ఈ ముచ్చట అంటే ఇష్టం. పాకాల అడవికి పోయి ఏదన్న దొరుకుతదేమో చూస్త అనే ఆలోచన మాత్రం వస్తే అక్కడనే ఆపు, కేసు అయితది.

పత్తిచేను_పరకాల:

అందరు పెద్ద పెద్ద ముచ్చట్లు చెప్పిండ్రు, ఆ మిడత ఏడ పట్టినవో ఎవ్వరు అడగలే. మా దిక్కు పత్తికి వారానికో మందు కొడుతరు, ఆ చేన్ల మిడతను తెచ్చి పెడితే దోమల మిషన్ ఎందుకు, ఇదే సరిపోతది. ఇంట్ల బొద్దింక కూడ వద్దు, అది ఏ బొద్దింకల మందు చాక్ పీస్ గీత దాటి వచ్చిందో నీకు తెల్వదు. ఓ డబ్బల గోధుమ తవుడు పోసి మీల్ వార్ములు పెంచుకో, నీళ్లకు క్యారెట్ ముక్క ఎయ్యి, అవే పుట్టుకొస్తయి. సాలెపురుగు పొట్టకంటె చిన్న ముక్క, వారానికి రెండు సార్లు చాలు, తెల్లారి మిగిలింది తీసెయ్యి.

ఎండకాలం ఎట్ల చేస్తవో ఇప్పుడే ఆలోచించుకో. మే నెలల రేకుల కింద పెడితే ఉడికిపోతది. మేము నీళ్ల రంజన్ పక్కన కింద గచ్చు మీద పెడుతం, గోనె సంచి తడిపి చుట్టూ ఏస్తం, కూలర్ గాలికి మాత్రం ఎదురుంగ పెట్టం. ఇంకో మాట, పెసరగింజ అని మురుస్తున్నవు కానీ సాల్మన్ పింక్ పెద్దగైతే కాళ్లతోని అన్నం ప్లేటంత అయితది. ఆడదైతే పదేండ్లు దాటి బతుకుతది. అమ్మకు ఇప్పుడే చెప్పు.

హన్మకొండ_పోరడు:

పది రోజుల తర్వాత రాస్తున్న. అమ్మకు చెప్పుడు కాదు, ఆమెకే దొరికింది. బీరువా దులుపుతుంటే డబ్బా చేతికొచ్చింది, లోపట దారాలు చూసి బూజు పట్టిందని కడగనీకి నల్ల కాడికి తీసుకపోయింది, నేను ఉరికి గుంజుకున్న. అరగంట లొల్లి అయింది, బాపుకు ఫోన్ కూడ పోయింది. ఇప్పుడైతే ఇంట్ల ఉండనిస్తుంది కానీ డబ్బా మూతకు రబ్బర్ బ్యాండ్ ఏసి, దాని మీద ఇంకో రబ్బర్ బ్యాండ్ ఏసింది.

అసలు ముచ్చట, నిన్న రాత్రి టార్చ్ కొట్టి డబ్బా కింది నుంచి చూసిన. బొక్క పక్కన కుబుసం పడి ఉంది, ఎంట్రుక లెక్క కాళ్లు, మధ్యల చిన్న మూత తెరిసినట్టు. ఇది ఇంకో మూలకు కూసుంది, పాత దానికంటె రెండింతలు అనిపిస్తుంది, కాళ్లు లేత గులాబి రంగుల ఉన్నయి. కోరలు తెల్లగ లేవు, ఎర్రగ ఉన్నయి. ఇప్పుడు మీల్ వార్మ్ ముక్క ఎయ్యొచ్చా అన్నా?

ఎనిమిదికాళ్లు_కరీంనగర్:

నల్లగైనంక.